రోము కావలివాడు – రామరాజు విల్లు

చరిత్రను మనం పుస్తకాలలో చదవటానికి ముందే బొమ్మలలో చూస్తాం. గోడమీది క్యాలెండరు, కూడలిలోని విగ్రహం, వెండితెర – మన తొలి చరిత్ర పాఠాలు ఇవే. పాఠ్యపుస్తకం వీటి తరువాత, కొంత ఆలస్యంగా చేతికి వస్తుంది. అప్పటికే మన మనస్సులో రాజు తలపై కిరీటం, సైనికుని ఒంటిపై కవచం, విప్లవవీరుని చేతిలో విల్లు స్థిరపడి ఉంటాయి. వాటిలో ఏది చరిత్ర, ఏది చిత్రకారుడు తనవంతుగా చేర్చినది అని విచారించే ఓపిక చాలామందికి ఉండదు. ఆ విచారణ శుష్కమైన పని అని భయపడనక్కరలేదు. అందులో కావలసినంత నవ్వు కూడా ఉంది.

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో వాకర్ ఆర్ట్ గ్యాలరీ అనే చిత్రశాల ఉంది. అక్కడ ఎడ్వర్డ్ పాయింటర్ 1865లో చిత్రించిన ఒక ప్రసిద్ధ చిత్రం ఉంది. దాని పేరుకు ‘మరణపర్యంతం విశ్వాసపాత్రుడు’ అని అర్థం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి నగరాన్ని బూడిదలో పూడ్చివేసిన రోజు ఆ చిత్రానికి వస్తువు. నగరద్వారం వద్ద ఒక రోము సైనికుడు ఈటె పట్టుకొని నిలబడి ఉంటాడు. అతని వెనుక జనం కూలిపోతున్నారు, ఆకాశం నుండి నిప్పులు రాలుతున్నాయి. అతడు మాత్రం కదలడు. కనులు పైకెత్తి, దవడ బిగించి, సెలవు ఇచ్చే అధికారి రాలేదు కనుక కాపలా కాస్తూనే ఉంటాడు. విక్టోరియా రాణి కాలపు ప్రజలు ఈ చిత్రాన్ని చూసి ఎంతగానో చలించారు.

చిక్కు ఏమిటంటే, అటువంటి సైనికుడు ఉన్నాడనటానికి ఆధారం లేదు. ద్వారం పక్కన ఉన్న ఒక గూడులో ఆయుధాలతో సహా సైనికుని అస్థిపంజరం దొరికిందని పాంపేయి చూడవచ్చిన యాత్రికులకు ఒక కథ చెప్పేవారు. బుల్వర్ లిట్టన్ 1834లో ప్రచురించిన పాంపేయి నవల కూడా కావలివాని కథను లోకమంతటా వ్యాపింపజేసింది. తరువాతి పరిశోధకులు తవ్వకాల నివేదికలను తిరగేశారు. సైనికుని ఎముకల ప్రస్తావన వాటిలో లేదు. ఆ గూడు కావలివాడు నిలబడే చోటు కూడా కాదు. అది మార్కస్ కెర్రీనియస్ రెస్టిట్యూటస్ అనే ఒక పౌరుని సమాధి! అంటే చిత్రకారుడు ఎవరో పెద్దమనిషి సమాధి దగ్గర లేని సైనికుణ్ణి నిలబెట్టి, అతని చేత లేని ఉద్యోగం చేయించి, లోకం చేత కన్నీరు పెట్టించాడు. అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వైన్ 1869లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో ఈ సైనికుణ్ణి మనసారా పొగిడాడు. పొగిడి ఊరుకున్నాడా అంటే లేదు. అతడు సైనికుడు కనుక వీరధర్మానికి కట్టుబడి నిలిచాడనీ, పోలీసు అయి ఉంటే కూడా అక్కడే ఉండేవాడనీ, కాకపోతే నిద్రపోతూ ఉండేవాడనీ చమత్కరించాడు.

ఇక కవచాల సంగతి. ఆ కాలపు చిత్రకారులకు రోము సైనికుని వేషం గురించి ప్రధానమైన ఆధారం రోములోని ట్రాజన్ స్తంభం. క్రీ.శ. 113లో నెలకొల్పిన ఆ స్తంభం చుట్టూ యుద్ధదృశ్యాలు చెక్కి ఉన్నాయి. అందులోని సైనికుల ఛాతీ మీద పట్టీలు పట్టీలుగా ఒక కవచం కనిపిస్తుంది. అది తోలు కవచమని పండితులు చాలాకాలం నమ్మారు. ఇంగ్లండు ఉత్తరభాగంలోని కార్‌బ్రిడ్జ్ అనే చోట 1964లో తవ్వకాలు జరుపుతుంటే, ఒక పెట్టెలో ఆ కవచపు భాగాలే దొరికాయి. అవి ఇనుప రేకులు! లోపల తోలు పట్టెలతో ఆ రేకులను ఒకదానికొకటి కలిపేవారని అప్పుడు గాని స్పష్టం కాలేదు. మరో విచిత్రం చూడండి. ఆ కవచానికి నేడు వాడే లాటిన్ పేరు రోమనులు పెట్టినది కాదు. ఎన్నో శతాబ్దాల తరువాత పండితులు పెట్టినది. స్తంభం చెక్కిన శిల్పులేమన్నా తక్కువవారా? ముఖాలు, దేహాలు కనిపించాలని వారు డాళ్లను చిన్నవిగా చెక్కివేశారు. ఆ డాళ్లు పట్టుకొని నిజంగా యుద్ధానికి వెళితే సైనికుడు ఇంటికి తిరిగిరాడు. తోటి రోమనుడే అంత స్వేచ్ఛ తీసుకొన్నప్పుడు, పదిహేడు వందల ఏళ్ల తరువాతి ఆంగ్ల చిత్రకారుణ్ణి కవచం గురించి మరీ నిలదీయటం న్యాయం కాదు. తెలియక చేసిన తప్పు అది.

కాని కావలివాడు తెలియక చేసిన తప్పు కాదు. కావాలని కోరుకొన్న తప్పు. పాయింటర్ ఆ చిత్రం వేసిన నాటికి మన దేశంలో 1857 తిరుగుబాటు జరిగి ఎనిమిదేళ్లే అయింది. దూరదేశాలలో సామ్రాజ్యానికి కాపలా కాసే సైనికుడు ఎలా ఉండాలి? ఎందుకని అడగకూడదు. నిప్పులు కురిసినా కదలకూడదు. ఆ ఆదర్శానికి రోము వేషం వేసి నిలబెట్టారని నా అభిప్రాయం. పాయింటర్ భార్య, రడ్యార్డ్ కిప్లింగ్ తల్లి అక్కాచెల్లెళ్లు. ఆ కిప్లింగ్ ఈ చిత్రం వెలువడిన 1865లోనే బొంబాయిలో పుట్టాడు. పెద్దవాడై 1906లో వ్రాసిన కథలలో రోము సరిహద్దు గోడమీద కాపలా కాసే సేనాని పాత్రను సృష్టించాడు. ఆ సేనాని మాట తీరు చూస్తే మన వాయవ్య సరిహద్దులో పనిచేసే తెల్లదొర జ్ఞాపకానికి వస్తాడు. పాయింటర్ కుంచెతో చేసిన పని కిప్లింగ్ కలంతో కొనసాగించాడన్నమాట.

అందరూ అంత గంభీరులు కారు. ఆల్మా టడేమా అనే మరొక చిత్రకారుడు రోము శిథిలాల ఛాయాచిత్రాలను సేకరించి, పాలరాతి గచ్చుమీది గీతలు సైతం సరిచూసుకొని చిత్రించేవాడు. 1871 నాటి చిత్రంలో ఆయన క్లాడియస్ చక్రవర్తి ఎన్నికను చూపాడు. చక్రవర్తి కలిగులా హత్యకు గురయ్యాడు. అతని పినతండ్రి క్లాడియస్ ప్రాణభయంతో తెరచాటున దాక్కొన్నాడు. అంగరక్షకుడు తెర తొలగించి, వణికిపోతున్న ఆ మనిషికి వంగి నమస్కరిస్తున్నాడు. తనను చంపటానికి వచ్చారో, పట్టం కట్టటానికి వచ్చారో పాపం క్లాడియస్‌కు తెలియదు! ఇక్కడి సైనికుని వినయం మనకు నవ్వు తెప్పిస్తుంది, వెంటనే భయమూ కలిగిస్తుంది. రోములో సింహాసనం ఎవరి చేతిలో ఉండేదో ఆ ఒక్క నమస్కారం చెబుతుంది. వివరాలలో ఎక్కడైనా పొరపాట్లు ఉంటే ఉండవచ్చు గాక, అసలు విషయం మాత్రం తప్పలేదు.

ఈ రెండు చిత్రాలకు గల తేడాను మన ఆలంకారికులు ఏనాడో గుర్తించారు. కావ్యంలో దేశానికీ కాలానికీ విరుద్ధంగా వర్ణించటం దోషమని భామహుడు చెప్పాడు. దండి తన కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో ఇటువంటి దోషాలకు ఉదాహరణలు కూడా ఇచ్చాడు. రాత్రివేళ పద్మం వికసించిందంటే అది కాలవిరోధం. కళింగారణ్యంలో ఏనుగులు జింకలవలె ఉంటాయంటే అది దేశవిరోధం. మేలుజాతి గజాలకు పేరుపడిన కళింగానికి అది ఎంత అవమానమో ఉత్తరాంధ్రవాసులమైన మనకు వేరే చెప్పాలా? అయితే దండి అక్కడితో ఆగలేదు. కవికి కౌశలం ఉంటే ఇటువంటి విరోధమే ఒక్కొక్కప్పుడు దోషాల లెక్కలోంచి తప్పుకొని గుణాల బాటలో నడుస్తుందని సెలవిచ్చాడు. చిత్రంలో తప్పు ఉన్నదా అని అడగటంతో విమర్శ పూర్తి కాదు. ఆ తప్పు ఏ పని చేస్తున్నదని కూడా అడగాలి. దండి నుండి నేను నేర్చుకొన్న పాఠం ఇది.

ఈ కొలమానంతో మన బొమ్మలను చూద్దాం. శ్రీకృష్ణదేవరాయలు అనగానే మెరిసే కిరీటం, మెడనిండా హారాలు, కాళ్లకు ముత్యాల పాదుకలు మనకు తోస్తాయి. తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన రాయల లోహవిగ్రహం ఉంది. ఆ తలమీద కిరీటం లేదు. పొడవుగా, శంఖువు ఆకారంలో ఉన్న టోపీ ఉంది. దానిని కుళ్లాయి అనేవారు. పారశీక భాష నుండి వచ్చిన మాట అది, ఆ వేషమూ అటునుండి వచ్చినదే. విజయనగర ప్రభువులు తమ కాలపు సుల్తానుల సభావేషాన్ని సగౌరవంగా స్వీకరించారు. కర్ణాట ప్రభువు కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు ఆ కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చినందుకు వాపోయినట్లు ఒక చాటుపద్యం ప్రచారంలో ఉంది. క్రీ.శ. 1520 ప్రాంతంలో రాయలను స్వయంగా చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, రాజు బంగారు పువ్వులు కుట్టిన తెల్లని వస్త్రాలు ధరించాడనీ, తలపై జరీ టోపీ ఉన్నదనీ, పాదాలకు ఏమీ లేవనీ వ్రాసిపెట్టాడు. పాదుకలు లేని ఆ పాదాలను మన నాటకాలవారు క్షమించలేకపోయారు. పౌరాణిక నాటకంలో దుర్యోధనుడు దించిన కిరీటాన్నే మరునాడు రాయల తలపై పెట్టారు. నాటక సమాజానికి ఉన్నది ఒకటే కిరీటం కదా, వారి ఇబ్బంది అర్థం చేసుకోదగినదే.

ఇంతవరకు నవ్వి వదిలేయవచ్చు. కాని కుళ్లాయి తీసి కిరీటం పెట్టటంతో ఒక సంగతి మరుగున పడింది. మతాలు వేరైనా మర్యాదలు కలసిపోయిన సభ అది అన్న విషయం ఆ టోపీలో ఉంది. కిరీటంలో లేదు. సైన్యం విషయమూ అంతే. మన బొమ్మలలో విజయనగర భటునికి కత్తీ డాలూ తప్ప మరొక ఆయుధం ఉండదు. 1520లో రాయచూరు కోటను ముట్టడించినప్పుడు తుపాకులు పట్టిన పోర్చుగీసువారు కొందరు రాయల పక్షాన పోరాడారని న్యూనిజ్ వ్రాశాడు. కొత్త ఆయుధం విలువ గ్రహించిన రాజును కత్తియుద్ధాలకే పరిమితం చేయటం ఆయన బుద్ధిని తగ్గించి చూపటమే.

ఇక మన ఊరి ముంగిటికి వద్దాం. నర్సీపట్నంలో చదువుకొనే విద్యార్థికి అల్లూరి సీతారామరాజు పుస్తకాల వీరుడు కాడు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మనకు పొరుగూరు. మన్యానికి వెళ్లే బస్సు ఎక్కితే కిటికీలోంచి కనిపించేవన్నీ ఆయన నడిచిన కొండలే. ఇక్కడ ఏ కళాశాల వార్షికోత్సవంలోనైనా అల్లూరి వేషం ఉండి తీరుతుంది. కాషాయ వస్త్రం, గడ్డం, రుద్రాక్షలు, చేతిలో విల్లు, వీపున అమ్ములపొది – చెప్పనక్కరలేకుండా అందరికీ తెలిసిన ఆహార్యమది. ఒక ఏడాది మా విద్యార్థి ఒకడు ఆవేశంగా విల్లు ఎక్కుపెట్టినప్పుడు ముంజేతి మీద కొత్త గడియారం తళుక్కుమంది. అతణ్ణి బంధించటానికి వచ్చిన తెల్లదొర భుజం మీద ఎన్.సి.సి. అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. సభ అంతా నవ్వింది, నేనూ నవ్వాను. వీటివల్ల చరిత్రకు వచ్చిన నష్టం ఏమీ లేదు. అందరికీ కనిపించే తప్పు ఎవరినీ మోసం చేయదు.

ఎవరికీ తప్పుగా కనిపించనిది ఆ విల్లు. 1922 ఆగస్టు 22న రామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసింది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజులలో మూడు ఠాణాలు! ఎందుకోసం? తుపాకుల కోసం. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు వారి వశమయ్యాయి. ఏమేమి తీసుకొన్నదీ వ్రాసి, సంతకం చేసి, ఠాణాలో వదిలిపెట్టి మరీ వెళ్లాడాయన. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేసి స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను ఆ దళం కాల్చి చంపింది. ఆ తరువాత ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసులను, చివరకు అస్సాం రైఫిల్స్‌ను రప్పించవలసి వచ్చింది. విల్లంబులకు భయపడి ఏ ప్రభుత్వమూ అంత దూరం నుండి సైన్యాన్ని తెప్పించదు. శత్రువు ఆయుధాన్నే శత్రువు నుండి గ్రహించి, ముందుగా పథకం వేసుకొని, కొండదారుల పరిజ్ఞానంతో రెండేళ్లు నడిపిన గెరిల్లా యుద్ధం అది. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను పట్టుకొని కాల్చి చంపేవరకు అది సాగింది.

అలాగని విల్లును దోషమని కొట్టివేయమంటానా? అనను. దండి మాట ఇక్కడ వర్తిస్తుంది. గిరిజనుని చేతిలో తరతరాలుగా ఉన్న పరికరం విల్లు. అడవి చట్టాలు వచ్చి పోడు వ్యవసాయాన్ని అడ్డుకొన్నప్పుడు, వంటచెరకుకూ వేటకూ కూడా అనుమతి కావలసి వచ్చినప్పుడు, ఆ విల్లు కోల్పోయిన హక్కుకు గుర్తు అయింది. పైగా ఆయన పేరులోనే సీతారాముడున్నాడు. రాముని చేతిలో కోదండం లేకుండా తెలుగువాడు ఊహించలేడు. తుపాకి ఎవరి చేతిలోనైనా ఒక్కటే, విల్లు మాత్రం ఆ కొండలది. ఆ గుర్తును ఎన్నుకొన్న చిత్రకారుడు ఎవరో గాని కౌశలం ఉన్నవాడే. 1974లో కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చింది. 2022 జులై 4న భీమవరంలో ఆవిష్కరించిన 30 అడుగుల కాంస్య విగ్రహం చేతిలోనూ విల్లే ఉంది.

అదే 2022లో వచ్చిన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రం గురించి చరిత్ర అధ్యాపకులు చాలామంది కోపగించారు. రామరాజు పోలీసు ఉద్యోగం చేయటం, కొమరం భీముతో స్నేహం – అన్నీ కల్పితాలే. కథ కల్పితమని చిత్రనిర్మాతలూ దాచలేదు. నాకు మాత్రం అందులో ఒక వింత కనిపించింది. ఆ కథలోని రాముడు తన ఊరివారికి తుపాకులు సంపాదించాలన్న దీక్షతో బ్రతుకుతాడు. ఇంత కల్పన చేసిన చిత్రం, గౌరవనీయమైన విగ్రహాలు విడిచిపెట్టిన ఆ ఒక్క చారిత్రక సత్యాన్ని తెలిసో తెలియకో పట్టుకొన్నది! చివరి ఘట్టానికి వచ్చేసరికి అక్కడా విల్లే గెలిచిందనుకోండి.

విల్లు వల్ల నాకు అభ్యంతరం లేదు. విల్లుతో పాటు చిత్రంలో మరేమీ మిగలకపోవటమే నాకు బాధ. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే రోడ్డు ఏ బొమ్మలోనూ లేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి కొండరోడ్ల పని చేయించిన సంగతి ఆ తిరుగుబాటుకు ముఖ్యకారణాలలో ఒకటి. ఆపిల్ పండ్లూ మంచు దృశ్యాలూ చూడటానికి చలికాలంలో కార్లలో వచ్చే యాత్రికులకు ఆ సంగతి తెలియకపోతే తప్పుపట్టను. ఆ దారిన రోజూ కళాశాలకు వచ్చే విద్యార్థికి తెలియకపోతే మాత్రం ఊరుకోలేను. వాళ్ల తాతల చెమట అందులో ఉంది.

అలాగే మనుషులు. చిత్రంలో వీరుడు ఒక్కడే కొండశిఖరం మీద నిలబడి ఉంటాడు. వెనుక నీడలలాగా కొందరు గిరిజనులు. పాయింటర్ చిత్రంలో కావలివాని వెనుక కూలిపోతున్న పేరులేని జనం వంటివారే వీరు. ఈ నీడలకు పేర్లున్నాయి. గాము గంటందొర, గాము మల్లుదొర అన్నదమ్ములు. గంటందొర 1924లోనే పోరాటంలో ప్రాణాలు విడిచాడు. పాంపేయి కావలివాడు ఎందుకని అడగక నిలబడ్డాడని మెచ్చుకొన్న కాలం ఒకటుండేది. ఈ అన్నదమ్ములు ఎందుకని అడిగారు కనుకనే కొండెక్కి నిలబడ్డారు. అటువంటి సైనికుణ్ణి చిత్రించటం కష్టం కావచ్చు. కదలక నిలిచినవాణ్ణి బొమ్మ గీయటం తేలిక, ప్రశ్న అడిగినవాణ్ణి గీయటం తేలిక కాదు.

మల్లుదొర పట్టుబడి, శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యం వచ్చేవరకు జీవించాడు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. బ్రిటిష్ ప్రభుత్వం మీద తుపాకి ఎత్తిన మన్యం బిడ్డ ఢిల్లీలో చట్టసభలో కూర్చున్నాడు. నేను చూసిన క్యాలెండర్లలో ఆయన బొమ్మ లేదు. వచ్చే వార్షికోత్సవంలో ఎవరైనా ఆయన వేషం కడతామంటే చేతికి విల్లు ఇవ్వాలో, తుపాకి ఇవ్వాలో, పార్లమెంటు కాగితాల కట్ట ఇవ్వాలో తరగతిలో కూర్చొని తేల్చుకొందాం. గడియారం సంగతి మాత్రం ముందే చూసుకోండి.